పారిస్‌లో ఎనిమిదో స్థానం సరే, ఆ 51.30 సంగతి ఎవరైనా చెప్పేరా?

2024 ఆగస్టు 9, శ్రావణ శుక్రవారం. మా వైపు సగం ఇళ్లలో పూజలు, మిగతా సగం ఊడుపుల పనిలో. ముందు రోజు రాత్రే నీరజ్ చోప్రా ఈటె విసిరి వెండి తెచ్చేడు. అదే రోజు హాకీవోళ్లు కంచు తెచ్చేరు. వినేశ్ ఫోగట్ బరువు గొడవ ఇంకా నడస్తానే ఉంది. ఇంత సందడిలో ఆ మధ్యాహ్నం పారిస్ ఒలింపిక్స్‌లో మన ఆడపిల్లలు నలుగురు 4×400 మీటర్ల రిలే పరిగెట్టేరన్న ముక్క ఎవరి చెవికీ పెద్దగా ఎక్కలేదు. హీట్‌లో ఎనిమిదో స్థానం, టైము 3 నిమిషాల 32.51 సెకన్లు, ఫైనల్‌కి పోలేదు. ఫోన్‌లో ఒక లైను వార్త వొచ్చింది, బొటనవేలితో పైకి తోసేసేం.

ఆ నలుగురిలో రెండో అమ్మాయి మన తణుకు పిల్ల. దండి జ్యోతికశ్రీ.

ఆ సంగతి నాకూ మర్నాడే తెలిసింది, అబద్ధం ఎందుకు. తెలిసేక ఒక్కొక్కరు ఎంతలో పరిగెట్టేరో వెతికి చూసేను. రిలేలో నలుగురి టైమూ కలిపి ఒకటే నెంబరు వేస్తారు గానీ, లోపల ఎవరి చుట్టు ఎంతో విడిగా కూడా లెక్క ఉంటుంది. దాన్ని స్ప్లిట్ అంటారు. మనవోళ్ల స్ప్లిట్లు 53.46, 51.30, 54.80, 52.95. కూడి చూసుకోండి, సరిగ్గా 3:32.51 వొస్తుంది. అందులో ఆ రెండోది, 51.30, జ్యోతికశ్రీది. జట్టులో అందరికన్నా వేగం.

ఈ నెంబరు అర్థం కావాలంటే కాస్త ఆట గురించి చెప్పాలి. తెలిసినోళ్లు ఈ నాలుగు పేరాలూ దాటేసినా ఏం కాదు.

400 మీటర్లంటే ట్రాక్ చుట్టూ ఒక పూర్తి చుట్టు. వంద మీటర్లు పరిగెట్టేవోళ్లు ఊపిరి బిగబట్టి లాగేస్తారు. ఎనిమిది వందలవోళ్లు కాస్త నిలకడగా పోతారు. నాలుగొందలు ఈ రెండిటికీ మధ్య ఇరుక్కున్న పరుగు. మొదటి రెండొందల మీటర్లు దాదాపు శక్తి కొద్దీ పోవాలి. మూడొందలు దాటేసరికి ఒంట్లో ఆక్సిజన్ చాలదు, కండరాల్లో మంట మొదలవుద్ది. ఆఖరి వంద మీటర్లు దమ్ము చేసిన చేలో మోకాలి లోతు బురదలో పరిగెట్టినట్టే ఉంటుందని పరిగెట్టినోళ్లు చెప్తారు. అక్కడ ఎవరూ కొత్తగా స్పీడు పెంచలేరు. ఎవరు తక్కువ తగ్గితే వోళ్లే ముందుంటారు. టీవీలో చివర్లో ఒకమ్మాయి దూసుకొచ్చినట్టు కనపడ్డప్పుడల్లా నిజానికి పక్కవోళ్లు ఎక్కువ నెమ్మదించేరని అర్థం.

51.30 సెకన్లలో 400 మీటర్లంటే గంటకి 28 కిలోమీటర్ల వేగం. మా కాలవ గట్టు మీద గోతులు చూసుకుంటా బండి నడిపితే అంతే స్పీడు వొస్తుంది. పక్కన ఒక మనిషి, పెట్రోలు లేకుండా, కాళ్ల మీద అదే స్పీడులో వొస్తున్నట్టు ఊహించుకోండి.

ఇంకో సంగతి. రిలేలో మొదటి అమ్మాయి తుపాకీ మోతకి ఆగి ఉన్న చోటు నుంచి లేస్తుంది. మిగతా ముగ్గురూ కర్ర అందుకునేటప్పటికే కదుల్తా ఉంటారు. అందుకని వోళ్ల టైములు విడి పరుగు టైముల కన్నా కొంచెం తక్కువ వొస్తాయి, అర సెకను పైనే కలిసొస్తుంది. కాబట్టి 51.30ని తీసుకెళ్లి విడి 400 రికార్డుల పక్కన పెట్టి కొట్లాడకండి. రిలే స్ప్లిట్‌ని రిలే స్ప్లిట్‌తోనే పోల్చాలి. అదే పారిస్‌లో మిక్స్‌డ్ రిలేలో నెదర్లాండ్స్ అమ్మాయి ఫెమ్కె బోల్ ఆఖరి చుట్టు 47.93లో లాగి, నాలుగో చోటు నుంచి బంగారం పట్టుకుపోయింది. ప్రపంచం పై మెట్టు అది. మనది ఇంకా కిందే ఉంది. దాచుకోడానికేం లేదు.

పైగా రెండో చుట్టు మామూలు చుట్టు కాదు. మొదటి అమ్మాయి చుట్టంతా తన లేన్‌లోనే పోవాలి. రెండో అమ్మాయి మొదటి మలుపు వరకే లేన్‌లో పోవాలి, ఆ తరవాత గీత దాటితే ఎనిమిది మందీ ఒక్కసారి లోపలి వైపుకి వొచ్చేస్తారు. తిరనాళ్లలో రథం దగ్గర తోపులాట చూసేరు కదా, అది. మోచేతులు తగులుతాయి, స్పైక్స్ గీరుకుంటాయి. ఎక్కడ దూరాలో, ఎక్కడ ఆగాలో అరక్షణంలో తేల్చుకోవాలి. అక్కడ తణుకు పిల్ల 51.30 తీసింది.

ఇప్పుడు చిన్న లెక్క. 51.30ని నాలుగుతో గుణిస్తే 3:25.20. ఈ రిలేలో మన దేశపు రికార్డు 3:26.89, ఏథెన్స్ ఒలింపిక్స్ హీట్‌లో 2004లో పెట్టింది. అంటే జ్యోతికశ్రీ ఆ రోజు పరిగెట్టినట్టు నలుగురూ పరిగెడితే ఇరవై ఏళ్ల రికార్డు బద్దలయ్యేది. నలుగురూ పరిగెట్టలేదు. అక్కడుంది తిరకాసు.

మిగతా ముగ్గురినీ తప్పు పట్టడానికి ఈ మాట అనట్లేదు. మన జట్టే గదా మే నెలలో బహమాస్‌లోని నసావులో వరల్డ్ రిలేస్‌లో ఒలింపిక్ బెర్తు సంపాదించింది. మొదటి రోజు కుదర్లేదు. రెండో రోజు మళ్లీ దిగి, రూపల్ చౌదరి, పూవమ్మ, జ్యోతికశ్రీ, శుభా వెంకటేశన్ 3:29.35లో ముగించి, జమైకా వెనకాల రెండో స్థానంలో నిలిచేరు. ఒలింపిక్స్‌కి మొత్తం పదహారు జట్లే వెళ్తాయి. అందులో పధ్నాలుగు ఆ ఏడాది అక్కడే తేలిపోయేయి. అలాంటి చోట గెలిచినోళ్లని చేతకానోళ్లు అనడానికి నోరెలా వొస్తుంది? కానీ మేలో 3:29, ఆగస్టులో 3:32. అసలు రోజున మూడు సెకన్లు ఎక్కడో పోయేయి. అదీ చెప్పుకోవాలి.

నన్ను ఇంకా కుదిపింది వేరే నెంబరు. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో వల్సమ్మ, వందనా రావు, షైనీ అబ్రహాం, పీటీ ఉష ఇదే రిలే ఫైనల్లో ఏడో స్థానంలో వొచ్చేరు. వోళ్ల టైము 3:32.49. పారిస్‌లో మనది 3:32.51. నలభై ఏళ్లు. మధ్యలో మా ఊరికి కరెంటు సరిగా వొచ్చింది, టీవీ వొచ్చింది, ఫోన్ వొచ్చింది, గేదెల పాకలో కూడా సిగ్నల్ వొచ్చింది. ఆ టైము మాత్రం సెకనులో యాభయ్యో వంతు తేడాతో అక్కడే కూచుంది.

ఈ నలభై ఏళ్లలోనూ పైకెళ్లిన రోజులు లేకపోలేదు. ఏషియన్ గేమ్స్‌లో ఈ రిలే బంగారం 2002 నుంచి 2018 దాకా వరసగా ఐదుసార్లు మనదే. 2023లో హాంగ్‌జౌలో వెండి దగ్గర ఆగింది. ఆ మంచి రోజుల్లోనే మన డెల్టా పిల్ల ఇంకొకామె ఉంది. మార్టేరు సత్తి గీత.

మార్టేరు అనగానే మనోళ్లకి వరి వంగడాలు గుర్తొస్తాయి. 1982లో వొదిలిన స్వర్ణ, ఎంటీయూ 7029, ఆ రీసెర్చి స్టేషన్‌దే. ఆ ఎంటీయూ అన్న మూడక్షరాలు మార్టేరు పేరే. దేశంలో చాలా వరి రాష్ట్రాల్లో స్వర్ణ పండిస్తారు. అంత పేరున్న ఊరు. ఆ ఊళ్లో 1983లో పుట్టిన ఒకమ్మాయి 2004 ఆగస్టు 28న ఏథెన్స్‌లో ఒలింపిక్ ఫైనల్ పరిగెట్టిందని చుట్టుపక్కల ఊళ్లలో ఎంతమందికి తెలుసు? నేను మొన్న మా చాయ్ కొట్టు దగ్గర అడిగేను. తొమ్మిది మందిలో ఒక్కడికి తెలుసు, అదీ వోడు పోలీసు ఉద్యోగానికి కరెంట్ అఫైర్స్ చదూతున్నాడు కాబట్టి.

గీత కథలో మీరు పట్టుకోవాల్సింది ఒకటుంది. ఏథెన్స్‌లో ముందు రోజు హీట్‌లో ఆమె లేదు. రాజ్‌విందర్ కౌర్, బీనామోల్, చిత్రా సోమన్, మంజిత్ కౌర్ పరిగెట్టేరు, రికార్డు పెట్టేరు. ఫైనల్ రోజున మంజిత్ బదులు గీతని దింపేరు. 3:28.51, ఏడో స్థానం. అంటే ఆమె బెంచీ మీద కూచున్న మనిషి. పిలుపొచ్చింది, లేచింది, ప్రపంచంలో ఎనిమిది జట్లు మాత్రమే నిలబడే గీత దగ్గర నిలబడింది. రెండేళ్లకి దోహా ఏషియన్ గేమ్స్‌లో బంగారం తెచ్చిన రిలే జట్టులోనూ ఉంది, 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కీ వెళ్లింది.

ఇదే రిలే గురించి పల్లెటూరి పిల్లలకి నేను చెప్పాలనుకునేది. వంద మీటర్ల పరుగులో ఒలింపిక్స్‌కి వెళ్లాలంటే దేశంలో మొదటి మనిషివి అయినా చాలదు. రిలేకి అలా కాదు. దేశంలో నాలుగో మనిషివైనా, ఆరో మనిషివైనా జట్టులో చోటుంది. ఒకరికి మోకాలు నొప్పి వొస్తే నిన్ను పిలుస్తారు. కాబట్టి రిలే గెలవాలంటే ఒక్క పీటీ ఉష సరిపోదు. 53 సెకన్లలో వొచ్చేవోళ్లు పాతిక మంది కావాలి. ఆ పాతిక మందిలోంచి 51లోకి దిగేవోళ్లు నలుగురైదుగురు తేలతారు. మినపచేలో ఒక మొక్క బాగా కాస్తే దాన్ని ఫోటో తీసుకుంటాం గానీ బస్తా నిండదు గదా.

మన గోదావరి ఇప్పటిదాకా ఒక్కొక్క మొక్కే ఇచ్చింది. 2004లో మార్టేరు. 2024లో తణుకు. ఈ రెండూళ్లూ ఒకే జిల్లా, బస్సెక్కితే ఎంతసేపూ పట్టదు. మధ్యలో మాత్రం ఇరవై ఏళ్ల ఎడం. ఇంకా పైకెళ్తే, శబరి వొచ్చి గోదాట్లో కలిసే కూనవరం వైపు అడివి పల్లె నుంచి కుంజా రజిత వొచ్చింది. 2025 మే 29న కొరియాలోని గుమిలో ఏషియన్ ఛాంపియన్‌షిప్‌లో 3:34.18తో బంగారం గెలిచిన రిలే జట్టులో ఆమె ఉంది. అదే సాయంత్రం, అదే వానలో, విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ వంద మీటర్ల హర్డిల్స్‌లో 12.96తో బంగారం కొట్టింది. ఖాళీ స్టేడియంలో ఆమె కళ్లనీళ్ల వీడియో మీరందరూ షేర్ చేసే ఉంటారు. రజిత వీడియో ఎంతమంది షేర్ చేసేరు? రిలేవోళ్ల ఖర్మే అంత. నలుగురు గెలిస్తే పావు పేరు కూడా రాదు.

పోలవరం ముంపు మండలాల్లోంచి వొచ్చిన పిల్ల ఏషియాలో బంగారం తెచ్చిందంటే, నీళ్లు, రోడ్లు, ఎకరానికి నలభై బస్తాలూ ఉన్న మన డెల్టాలోంచి ఎంతమంది రావాలి?

రాకపోడానికి కారణం పిల్లల్లో లేదు. నేను చూసిందే చెప్తాను. మా హైస్కూల్లో రెండేళ్ల కిందట పదో తరగతి చదివే ఒక పిల్ల ఉండేది. పేరు చెప్పను, ఊరూ చెప్పను. మట్టి గ్రౌండులో, చెప్పులు పక్కన విడిచిపెట్టి, చున్నీ నడుముకి బిగించి నాలుగొందలు పరిగెట్టింది. నా ఫోన్‌లో 71 సెకన్లు. అది గొప్ప టైమేం కాదు, 51కి ఆమడ దూరం. కానీ షూ లేదు, ట్రాక్ లేదు, ఒక్క రోజు ట్రైనింగ్ లేదు, పొద్దున తిన్నది చద్దన్నం. పీఈటీ మేడం కళ్లు పెద్దవి చేసుకుని నా చేతిలో ఫోన్ రెండుసార్లు చూసేరు. జిల్లా మీట్‌కి పంపుదామన్నారు. ఇంటికెళ్లి అడిగితే వోళ్లమ్మ నాతో ఒకటే మాటంది: "పంపొచ్చు బాబూ, నిక్కరేసుకుని ఊళ్లోంచి ఎలా వెళ్తాది?"

నాకు జవాబు తట్టలేదు. ఆ తల్లిని తిట్టడం తేలిక. కానీ ఆవిడ అడిగింది పరుగు గురించి కాదు, మా గురించి. అరుగుల మీద కూచునే మా గురించి, గట్టు మీద ఫోన్ పట్టుకుని నిలబడే మా కుర్రోళ్ల గురించి. ఆ పిల్ల ఇప్పుడు ఊరికి దూరంగా ఒక ఇంటర్ కాలేజీ హాస్టల్లో ఉంది. మూడంతస్తుల బిల్డింగు, పొద్దున ఐదింటి నుంచి రాత్రి పది దాకా చదువు, ఆడుకోడానికి మెట్లున్నాయి.

గ్రౌండు సంగతికొస్తే, అదీ నిజమే. అసలు కొలతల 400 మీటర్ల ట్రాక్‌కి దగ్గర దగ్గర 177 మీటర్ల పొడవు, 93 మీటర్ల వెడల్పు స్థలం కావాలి. నాలుగెకరాలు. డెల్టాలో నాలుగెకరాలంటే ఎంతో మీకు నేను చెప్పాలా? సెంటు ఖాళీ ఉంటే చేపల చెరువైనా తవ్వుతాం, లేఅవుట్ రాళ్లైనా పాతుతాం. ప్రభుత్వం ప్రతి మండలానికీ సింథటిక్ ట్రాక్ వేస్తుందని ఎదురు చూస్తే మన మనవరాళ్లకి పెళ్లిళ్లయిపోతాయి.

అయితే పదో తరగతి పిల్ల మొదటి పరుగుకి అంత అక్కర్లేదు. 200 మీటర్ల ట్రాక్ చాలు, రెండు చుట్లు తిరిగితే నాలుగొందలు. లెక్క ఇదీ: రెండు పక్కలా 50 మీటర్ల తిన్నని గీతలు, రెండు చివర్లా రెండు అర్ధచంద్రాలు. ఒక్కో అర్ధచంద్రం కూడా 50 మీటర్లు రావాలంటే, మధ్యలో మేకు పాతి 15 మీటర్ల 92 సెంటీమీటర్ల తాడు కట్టి తిప్పితే సరిపోద్ది. తాడు చివర సున్నం డబ్బా. నాలుగు లేన్లు వేసినా మొత్తం ఎకరం దాటదు. పాత హైస్కూళ్లలో చాలా వాటికి అంత గ్రౌండు ఉంది, గడ్డీ గేదెలూ ఉన్నాయంతే. మలుపులు ఇరుకు కాబట్టి టైము ఒక పిసరు ఎక్కువే వొస్తుంది, దానికి బెంగ పడొద్దు.

బ్యాటన్‌కి పీవీసీ పైపు ముక్క చాలు. అసలుది 28 నుంచి 30 సెంటీమీటర్లు ఉంటుంది, బరువు 50 గ్రాములకి తగ్గకూడదు. మార్చుకునే జాగా 20 మీటర్లు, కర్ర ఆ లోపలే చేతులు మారాలి. ఈ రిలేలో అందుకునే అమ్మాయి వెనక్కి చూస్తానే అందుకోవాలి, వొచ్చే అమ్మాయి అప్పటికే చచ్చి వొస్తుంది కాబట్టి. కర్ర కింద పడితే ఎవరి చేతిలోంచి పడిందో వోళ్లే తియ్యాలి. పిల్లలకి ఈ రూల్సు చెప్తే పరుగు కన్నా ఎక్కువ నవ్వుకుంటా నేర్చుకుంటారు. నలుగురు కలిసి ఆడేది కాబట్టి ఒంటరిగా వెళ్లడానికి సిగ్గుపడే పిల్లా దిగుద్ది. ఆ నిక్కరు గొడవకి కూడా ఇదే కొంత మందు అనిపించింది నాకు. ఒక్కతి ట్రాక్ ప్యాంటులో వెళ్తే ఊరు చూస్తాది. పన్నెండు మంది వెళ్తే కాసేపు చూసి ఊరుకుంటాది.

ఇక సంక్రాంతి. మా వైపు ఆ మూడు రోజులూ ఎలా ఉంటాయో మీకు తెలుసు. కోడి మీద ఎంత కడతారో, బరికి ఎన్ని లైట్లు పెడతారో, ఎన్ని కార్లు వొస్తాయో. గెలిచిన కోడి జాతి పేరు, తాత పేరు, తిన్న మేత కూడా మనోళ్లకి కంఠతా వొచ్చు. ఆడపిల్లలకి మాత్రం ముగ్గుల పోటీ, ఫస్ట్ ప్రైజు ప్రెషర్ కుక్కరు. ముగ్గుని తక్కువ చెయ్యట్లేదు, మా అమ్మ వేసే చుక్కల ముగ్గు ముందు ఇంజినీరు కూడా ఆగాలి. కానీ ఆ పక్కనే నలుగురు నలుగురుగా ఒక రిలే పెట్టడానికి ఏం ఖర్చు? ఒక పుంజుకి మూడు నెలలు వేసే బాదం పప్పు డబ్బుతో పన్నెండు జతల షూ వొస్తాయి. కావాలంటే పందెగాళ్లనే అడగండి.

పోయిన నెల మా కమిటీలో ఈ మాట ఎత్తేను. ఒకాయన నవ్వేరు. ఒకాయన ఎవడన్నా పడి కాలిరిగితే ఎవరిది పూచీ అన్నారు, కోడి కత్తులు కట్టేటప్పుడు ఆ పూచీ ఎవరిదో అడుగుదామనుకుని పెద్దాయన కదా అని ఊరుకున్నాను. చివరికి భోగి రోజు పొద్దున హైస్కూల్ గ్రౌండు మాకు వొదిలేస్తామన్నారు. సున్నం బస్తా సర్పంచి గారు ఇస్తామన్నారు. పీఈటీ మేడం ఈల ఊదుతానన్నారు. ఇప్పటికి మూడు జట్లు పేర్లిచ్చేయి, నాలుగో జట్టుకి ఒకమ్మాయి తక్కువైంది. హాస్టల్ నుంచి సెలవులకి వొచ్చే ఆ పిల్లని అడగమని వోళ్లే చెప్పేరు. వోళ్లమ్మ దగ్గరికి ఈసారి మేడం కూడా వొస్తానన్నారు. తాడు 15 మీటర్ల 92కి కోసి అటక మీద పెట్టేను.